గణిత సాధనముల పంపిణీ

(ఒక పఠనమందిరపు సభలో మా పత్రిక పక్షమున చదివిన ఉపన్యాసపాఠము)



నేడు మేము ప్రసంగింపనెంచిన విషయము వినుటకు మిక్కిలి చిన్నది. గణితమునకు సంబంధించిన ఒక స్వేచ్ఛా సాఫ్టువేరును మూటగట్టి, వేర్వేరు జాతుల కంప్యూటర్లకు చేర్చుట యెట్లు? ఇంతే. "పత్రికలవారికి దేశములో వేఱు సమస్యలు కఱవైనవా?" అని మిత్రుడొకడు మమ్ము పరిహసించెను. కఱవు కాలేదు. కాని స్వాతంత్ర్యమను మాటను కాగితముమీద వ్రాయుటకును, అది మనుష్యుని చేతికి చిక్కుటకును నడుమ ఎంత దూరముండునో తెలిసికొనుటకు ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణము మాకిటీవల కనబడలేదు. ఏ పఠనమందిరమునైనను చూడుడు. బీరువా నిండ గ్రంథములుండును. ఎవరైనను చదువవచ్చునని గోడమీద వ్రాసియుండును. తాళపుచెవి గలవాడు ఊర లేనినాడు ఆ వ్రాత యెవరికి పనికివచ్చును? 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు మండలపు కాలువమీద పడవలో పుస్తకములు వేసికొని పల్లెలకు త్రిప్పినది ఈ సంగతి యెఱిగియే.

కంప్యూటరు కూడికలు తీసివేతలు మాత్రమే చేయునని తలచువారు ఇంకను కలరు. అది బీజగణితము చేయును, సమాకలనము చేయును, పెద్ద సంఖ్యలను ప్రధాన భాజకములుగా విడగొట్టును, సమూహముల నిర్మాణమును పరిశీలించును. ఇట్టి సాఫ్టువేరులలో పేరుమోసినవి మేథమేటికా, మేపుల్, మేట్‌ల్యాబ్, మాగ్మా అను నాలుగు. నాలుగును సమర్థములే. వానిని నిర్మించినవారి ప్రతిభను తక్కువ చేయుట మా యుద్దేశము కాదు. కాని వానికి లైసెన్సు కొనవలెను, పెక్కు సందర్భములలో ఏటేట కొనవలెను. కొనిన పిమ్మటను లోపలి యంత్రాంగములోని ముఖ్యభాగము కొన్నవాని కంటికి కనబడదు.

తక్కిన శాస్త్రముల మాట యెట్లున్నను, గణితమునకు ఇది సామాన్యమైన లోపము కాదు. జర్మనీదేశపు ఆఖెన్ నగరమున గ్యాప్ అను సమూహగణిత సాఫ్టువేరును నెలకొల్పిన యోఆఖిమ్ నాయ్‌బ్యూజర్ 1993లోనే ఈ వాదమునెత్తెను. సైలో సిద్ధాంతమును ఎవరైనను గ్రంథాలయములో కూర్చుండి ఉపపత్తితో సహా చదువవచ్చును. బ్రతికినంతకాలము పైకము చెల్లింపక వాడుకొనవచ్చును. అదే సిద్ధాంతము కంప్యూటరు ప్రోగ్రాముగా మాఱినతోడనే వాడినంతకాలము శుల్కము కట్టవలసివచ్చుట యేమి న్యాయమని ఆయన ప్రశ్నించెను. జ్ఞానము శుల్కము లేక చేతులు మాఱవలెను. ప్రతి మెట్టును పరీక్షకు తెఱచి యుంచవలెను. ఈ రెండును గణితశాస్త్రమునకు ప్రాణములని ఆయన మతము. మా మతమును అదియే.

ఈ నాలుగింటికి దీటుగా ఒక స్వేచ్ఛా సాధనమును నిలుపవలెనని పూనుకొన్నవాడు అమెరికా సంఖ్యాశాస్త్రజ్ఞుడు విలియం స్టైన్. మాగ్మాలో మాడ్యులర్ ఫారముల భాగమును వ్రాసినవాడతడే గాన, ఆ వైపు సంగతులు అతనికి పరులు చెప్పనక్కరలేదు. హార్వర్డు విశ్వవిద్యాలయమున నుండగా 2005 ఫిబ్రవరిలో అతడు సేజ్ అను సాఫ్టువేరు మొదటి ప్రతిని వెలువరించెను. దానినే ఇప్పుడు సేజ్‌మ్యాత్ అనుచున్నారు. అతని యాలోచనలోని కొత్తదనమంతయు ఒక్క సంగతిలో నున్నది: అతడు అన్నిటిని మొదటినుండి వ్రాయబూనలేదు, ఉన్నవానిని కూర్చెను. సమూహములకు ఆఖెన్‌లో 1986లో పుట్టిన గ్యాప్ ఉండెను. సంఖ్యాశాస్త్రమునకు ఫ్రాన్సులోని బోర్డోలో ఆన్రీ కోఎన్ బృందము పెంచిన పారీ ఉండెను. బహుపదులకు జర్మనీలోని కైజర్‌స్లౌటర్న్ వారి సింగ్యులర్, కలనగణితమునకు మ్యాక్సిమా ఉండెను. వీనినన్నిటిని పైథాన్ అను భాషను దారముగా జేసికొని గ్రుచ్చెను.

మ్యాక్సిమా కథ చెప్పక ముందునకు పోలేము. 1960వ దశకపు చివర అమెరికాలోని ఎం.ఐ.టి.లో అది పుట్టెను. దాని ప్రతి యొకటి ఆ దేశపు ప్రభుత్వ ఇంధనశాఖ యధీనమున నుండెను. టెక్సాస్ విశ్వవిద్యాలయపు ఆచార్యుడు విలియం షెల్టర్ 1982 మొదలు ఆ ప్రతిని కాపాడుచు, దిద్దుచు వచ్చెను. 1998లో అతడు ఆ శాఖవారినుండి అనుమతి సంపాదించి, దానిని జి.పి.ఎల్. అను స్వేచ్ఛా లైసెన్సు క్రింద లోకమునకు విడిచెను. 2001లో మరణించెను. ఆ యనుమతిపత్రము మూడేండ్లు ఆలస్యమైయున్న యెడల ఆ ప్రోగ్రాము ఏ కార్యాలయపు అలమారులో నిద్రించియుండెడిదో! సేజ్‌లో సమాకలనము చేయు విద్యార్థి నేటికిని తఱచు షెల్టర్ కాపాడిన సొత్తునే వాడుకొనుచున్నాడు, ఆ పేరు విననే వినకుండ.

జి.పి.ఎల్. అనగా, ఈ సాఫ్టువేరును ఎవరైనను ఏ పనికైనను వాడవచ్చును, దాని సోర్సు కోడును చూడవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును; పంచునప్పుడు ఈ హక్కులనే పుచ్చుకొన్నవానికిని ఈయవలెను. మూటగట్టువాని మొదటి చిక్కు ఇచ్చటనే మొదలగును. గ్రాఫుల సౌష్ఠవమును లెక్కించుటలో ఆస్ట్రేలియా జాతీయ విశ్వవిద్యాలయపు బ్రెండన్ మెకే వ్రాసిన నౌటీ అను ప్రోగ్రాము పేరెన్నికగన్నది. దాని సోర్సు అందఱకును కనబడుచునే యుండెను. కాని సైనిక ప్రయోజనములకు వాడరాదను నిబంధన యొకటి పూర్వపు లైసెన్సులో ఉండెను. గాంధీమహాత్ముడు నడచిన దేశమువారము గాన, ఆ నిబంధన మనకు ముచ్చట గొల్పవచ్చును. ఐనను ఏ వాడుకను నిషేధింపరాదని జి.పి.ఎల్. నియమము. రెంటిని ఒక మూటలో కట్టుటకు వీలులేకపోయెను. సేజ్‌వారు ఆ పనికొఱకు వేఱు ప్రోగ్రామును తామే వ్రాసికొనవలసివచ్చెను. తరువాత మెకే తన లైసెన్సును అపాచీ లైసెన్సుగా మార్చెను, తగవు తీఱెను. మంచి సంకల్పముతో వ్రాసిన ఒక్క వాక్యము ఇంత పని పెట్టెను.

ఇక అసలు మూట సంగతి. మనుష్యుడు వ్రాసిన సోర్సు కోడు వడ్లవంటిది. కంప్యూటరు భుజించునది అన్నము. దంచి వండు పనికి కంపైలు చేయుట యని పేరు. ఇంటెల్ ప్రాసెసరునకు వండినది ఏ.ఆర్.ఎం. ప్రాసెసరునకు జీర్ణము కాదు. లినక్సునకు వండినదానిని విండోసు ముట్టదు. సేజ్‌లో కూర్చిన ప్యాకేజీలు నూఱుకు పైబడినవి. వానిలో కొన్ని సి భాషలో, కొన్ని సి++లో, కొన్ని ఫోర్ట్రానులో, మ్యాక్సిమా లిస్పులో, మిగిలినవి పైథానులో వ్రాయబడినవి. ఒకదానికి మఱియొకటి కావలెను. ఆ మఱియొకటి ఫలానా వెర్షనుదే కావలెను. కుటుంబములో నూఱుగురు పథ్యములవారున్నప్పుడు ఇల్లాలు పడు పాట్లు తలచుకొనుడు.

దీనికి రెండు దారులు కలవు. మొదటిది పూర్వము కాశీయాత్రకు బండి కట్టినవారి దారి. బియ్యము, పప్పు, ఉప్పు, చింతపండు, వంటపాత్రలు, చివరకు పొయ్యిరాళ్లు సహా బండిలో వేసికొనెదరు. ఏ యూర ఏది దొరకునో దొరకదో యను దిగులుండదు. సేజ్ ఈ దారి పట్టెను. పైథాను భాషను, సంఖ్యాగణనపు లైబ్రరీలను, తుదకు కంపైలరును సయితము తన బండిలోనే పెట్టుకొనెను. పొయ్యిరాళ్లన్నమాట మేము వేడుకకు చెప్పలేదు. దీనివలన గొప్ప మేలొకటి కలిగెను: ఏ యూరిలో నడచినను సేజ్ ఒకే వెర్షను సరకుతో ఒకే జవాబు చెప్పవలెను. గణితజ్ఞునకు ఇంతకంటె కావలసినదేమి? కీడును కలిగెను. సోర్సునుండి కట్టుటకు గంటలు పట్టును. పాత యంత్రమైనచో రాత్రియంతయు పట్టును. మేమెఱిగిన యొక కళాశాలలో ఉత్సాహవంతుడైన అధ్యాపకుడొకడు సాయంకాలము ఈ పని మొదలుపెట్టి పోగా, అర్ధరాత్రి కరెంటు పోయెను. ఉదయము వచ్చి చూచి విచారించెను గాని, మరల మొదలిడినప్పుడు పూర్తియైన ప్యాకేజీలను వదలి మిగిలినవానినే కట్టుకొనిపోవుట చూచి ధైర్యము తెచ్చుకొనెను. అతని యోపిక అందఱకును ఉండునని మేము నమ్మము.

రెండవది ఊరుమ్మడి బావి దారి. లినక్సు కుటుంబమునకు చెందిన డెబియన్ అను వ్యవస్థ 1993నుండి స్వచ్ఛంద సేవకుల చేతులమీదుగా నడచుచున్నది. వారి నియమము: ఒక్కొక్క లైబ్రరీ యూరంతటికిని ఒక్క ప్రతియే యుండవలెను. దానిలో దోషము కనబడినచో ఒక్క బావిని శుద్ధిచేసిన చాలును, ఊరివారందఱును బాగుపడుదురు. ఇంటింట దాచుకొన్న కడవలను వెదకి వెదకి పాఱబోయు పని తప్పును. ఇదియు న్యాయమైన వాదమే. కాని బండివాడు ఊరిబావి నీరు త్రాగవలెనన్నచో, ఆ నీరు తన కడవలోని నీటివంటిదే కావలెను. సేజ్ కడవలలోని సరకునకు సేజ్‌వారు చేసికొన్న చిన్నచిన్న దిద్దుబాట్లు పెక్కు లుండెను. ఒక్కొక్క దిద్దుబాటును ఆయా ప్యాకేజీ మూలకర్తలకు పంపి, ఒప్పించి, అందు చేర్పింపవలెను. 2009 ప్రాంతమున డెబియన్‌లో సేజ్ ప్యాకేజీ యొకటి ఉండెను. సేజ్ వేగముగా సాగిపోగా అది పాత వెర్షనులోనే నిలిచి, తుదకు తొలగింపబడెను. మరల 2017లో డెబియన్ 9వ విడుదలలో గాని అది చోటు చేసికొనలేదు. ఈ నడుమ గడచిన సంవత్సరములు వ్యర్థములు కావు. ఒక్కొక్క కడవను బావితో సరిచూచిన సంవత్సరములు.

ఇటీవలి సేజ్ తన బండి కట్టుకొనుటకు ముందు, ఊరిలో ఏ సరకు దొరకునో విచారించి, సరిపడినదానిని అచ్చటనే తీసికొనుచున్నది. అభిమానము కొంత తగ్గించుకొన్నదని మేము సంతోషించితిమి. బండినే విప్పి, ఎవరికి కావలసిన మూటను వారు పట్టుకొనిపోవునట్లు చిన్న ప్యాకేజీలుగా విడదీయు ప్రయత్నము పాసేజ్‌మ్యాత్ అను వేఱు శాఖలో సాగుచున్నది. సరకు మాఱుటవలన వచ్చు శ్రమకు ఒక్క ఉదాహరణము: పైథాను రెండవ తరమునకు పోషణ 2020 జనవరి 1వ తేదీతో ముగియునని దాని కర్తలు ప్రకటించిరి. మూడవ తరముమీద నడచు సేజ్ 9.0 సరిగా ఆ దినముననే వెలువడెను. ఆ ఒక్క దినము వెనుక ఏండ్ల తరబడి దిద్దిన పంక్తులున్నవి.

లినక్సు మాట చాలును. మన పట్టణములలోని ఇండ్లలోను కళాశాలలలోను తఱచు కనబడునది విండోసు. దానితో సేజ్‌కు పడిన తగవు మూలమున ఒక చిన్న పదమున్నది. సి భాషలో "లాంగ్" అను పేర పూర్ణసంఖ్యను దాచు పెట్టె యొకటి కలదు. 64 బిట్ల లినక్సులోను మ్యాకులోను ఆ పెట్టె వెడల్పు 64 బిట్లు. 64 బిట్ల విండోసులో మాత్రము 32 బిట్లే. లినక్సుమీద పెరిగిన గణిత ప్రోగ్రాము, పెట్టె పెద్దదను నమ్మకముతో పెద్దసంఖ్యను అందులో త్రోసినచో, విండోసులో సగము తెగిపోవును. యంత్రము ఆగిపోయినను మేలే. తప్పు జవాబును గంభీరముగా చెప్పినచో దానిని కనిపెట్టువాడెవడు? ఇంకొక తగవు: లినక్సులో నడచుచున్న ప్రోగ్రాము తన ప్రతిరూపమును తానే క్షణములో సృష్టించుకొనగలదు. విండోసుకు ఆ విద్య సహజముగా లేదు. మూడవది వినుటకు నవ్వు పుట్టించును. తన మార్గనామములో ఖాళీచోటున్న డైరెక్టరీలో సేజ్‌ను కట్టుటకు వీలుండెడిది కాదు. విండోసులో ప్రోగ్రాములుంచు డైరెక్టరీ పేరే "ప్రోగ్రామ్ ఫైల్స్," నడుమ ఖాళీతో!

మొదట కొంతకాలము విండోసువారికి సేజ్‌ను ఒక మాయాయంత్రములో పెట్టి యిచ్చిరి. అనగా కంప్యూటరులో ఇంకొక కంప్యూటరును ఊహించి, దానిలో లినక్సును కూర్చుండబెట్టి, దాని యొడిలో సేజ్‌ను పెట్టుట. జ్ఞాపకశక్తి చాలని యంత్రములు దీనిక్రింద కుంగిపోయెడివి. పిమ్మట ఐరోపా సమాఖ్య ధనసహాయముతో ఓపెన్‌డ్రీమ్‌కిట్ అను పథకము 2015నుండి 2019వఱకు నడచెను. దాని మొత్తము సుమారు 76 లక్షల యూరోలు. ఆ పథకము క్రింద సిగ్విన్ అను మధ్యవర్తి సాయమున సేజ్‌ను విండోసులోనికి తెచ్చిరి. 2017లో వచ్చిన 8.0 వెర్షనుతో, తక్కిన ప్రోగ్రాములవలెనే రెండు నొక్కులు నొక్కి పెట్టుకొనదగిన ఇన్‌స్టాలరు లభించెను. కాని ప్రతిరూపము సృష్టించునప్పుడెల్ల సేజ్ లైబ్రరీలన్నియు జ్ఞాపకములో పూర్వపు స్థానములలోనే కుదురుకొనవలెను. నూర్లకొలది ఫైళ్లను అట్లు కుదుర్చుట దినదిన గండముగా నుండెడిది. పథకము ముగిసెను, ధనము ఆగెను, ఆ మార్గము 2021 నాటి 9.3 వెర్షనుతో నిలిచిపోయెను. ఇప్పుడు విండోసులో మైక్రోసాఫ్టువారే యమర్చిన లినక్సు అఱలో సేజ్‌ను పెట్టుకొనుడని చెప్పుచున్నారు. ఆ అఱకు డబ్ల్యు.ఎస్.ఎల్. అని పేరు. అది బాగుగనే పనిచేయుచున్నది. 2025లో దాని సోర్సును చాలవఱకు ఆ కంపెనీ బయటపెట్టినది గూడ. ఐనను పరుని యింట అతిథిగదిలో కాపురమని మేమనక తప్పదు. సేజ్ మొత్తము విండోసుమీద నేరుగా నడచు దినము నేటికిని రాలేదు.

మ్యాకు సంగతి వేఱు. అక్కడ ఇల్లు అనుకూలమే, వాకిటి కావలివాడు కఠినుడు. 2019నుండి ఆపిల్ కంపెనీవారు, తమ పరీక్షకు పంపి ముద్ర వేయించుకొనని ప్రోగ్రామును బయటినుండి తెచ్చినచో, తెఱచునప్పుడే అడ్డు చెప్పుచున్నారు. ముద్ర కావలెనన్నచో డెవలపరు ఏటేట 99 డాలర్లు చెల్లించి సభ్యుడు కావలెను. దొంగ ప్రోగ్రాములనుండి రక్షణ కావలసినదే, కాదనము. కాని ఉచితముగా పంచదలచినవాడు సయితము ద్వారపాలకునికి దక్షిణ యిచ్చుకొనవలసివచ్చుట గమనింపుడు. సేజ్ మ్యాక్ ప్రతికి ఈ ముద్ర వేయించి నిత్యము సిద్ధపఱచుచున్నవారు, త్రిపరిమాణ మానిఫోల్డులకొఱకు స్నాపీ అను సాఫ్టువేరును నిర్మించిన టోపాలజీ పండితులు. తమ ముఖ్యవ్యాసంగము మానుకొని మూటకు లక్క వేయు పని చేయుచున్నారు. వారికి మా నమస్కారములు.

ఇదంతయు చేసిన పిమ్మట జవాబు సరియైనదేనా యని చూచుటొకటి మిగిలియున్నది. సేజ్ లైబ్రరీలో ప్రతి ఫంక్షనుకును ఉదాహరణమును, రావలసిన జవాబును వ్రాసి పెట్టవలెనని నియమము. మూట కట్టినవాడు తన యంత్రముమీద ఆ యుదాహరణములన్నిటిని నడిపి సరిచూచుకొనును. పూర్ణసంఖ్యల లెక్క ఎచ్చటనైనను ఒకటే. దశాంశముల లెక్క అట్లు కాదు. ఇంటెల్ ప్రాసెసరులో దీర్ఘ దశాంశమునకు 80 బిట్ల పెట్టె యుండగా, 2020నుండి వచ్చుచున్న ఆపిల్ స్వంత ప్రాసెసరులలో దానికి 64 బిట్లే. గామా ఫంక్షను విలువలో చివరి యంకె ఒక యంత్రమున నాలుగు, ఇంకొక యంత్రమున ఐదు కావచ్చును. అందుచేత ఇంతవఱకు భేదమును సహింపవచ్చునని పరీక్షలోనే గుఱుతు పెట్టుదురు. ఏది సహింపదగిన భేదమో, ఏది నిజమైన దోషమో నిర్ణయించువాడు మూటలు కట్టు కూలివాడా, గణితజ్ఞుడా? ఇద్దఱును ఒక్కడే కావలెను. అట్టివారు ఎందఱో లేరు.

సోదరులారా, మమ్ము బాధించినది ఇచ్చటనే. ఒక సిద్ధాంతము వ్రాసినవానికి వ్యాసము అచ్చగును. వ్యాసమునకు ఉద్యోగము, ఉద్యోగమునకు గౌరవము వచ్చును. ఆ సిద్ధాంతమును ప్రోగ్రాముగా వ్రాసినవానికి కొంత పేరు వచ్చును. ఆ ప్రోగ్రామును పదివేల యంత్రములలో నడచునట్లు చేసినవానికి వచ్చునది, "నా కంప్యూటరులో ఇది పనిచేయుట లేదు" అను ఉత్తరము. స్టైన్‌కు 2013లో కంప్యూటరు బీజగణిత రంగమున జెంక్స్ బహుమానము లభించెను. అట్టివాడే 2016లో విశ్వవిద్యాలయపు కొలువునకు సెలవు పెట్టి తన కంపెనీ పనిలో పూర్తిగా దిగెను. ఇట్టి సాఫ్టువేరు నిర్మాణమునకు విద్యాలయములలో తగిన ఆధారము దొరకుట లేదని బాహాటముగా చెప్పెను. బహుమానమిచ్చిన లోకమే జీతమిచ్చుటకు వెనుదీసెను. నేడు లినక్సుకును మ్యాకుకును వండి సిద్ధముగానున్న సేజ్‌ను అందించుచున్న కోండా-ఫోర్జ్ అను సంఘమును స్వచ్ఛంద సేవకులదే.

ఆ కంపెనీవారు నడపు కోక్యాల్క్ ద్వారా ఇంటర్నెట్టులోనే సేజ్‌ను వాడుకొనవచ్చును గదా, మూటలతో పనియేమి యని తెలివైన ప్రశ్న యొకటి వచ్చును. ఒక చిన్న లెక్కకు, తరగతిలో చూపుటకు అది మంచి సాధనమే; మేమును వాడుదుము. కాని అక్కడ వంట పరుని యింటిది. ఎంతసేపు నడపవలెనో, ఎంత జ్ఞాపకశక్తి వాడవలెనో వారు చెప్పినట్లు వినవలెను. తంతి తెగిననాడు పస్తు. నెలరోజులు నడువవలసిన లెక్కను పెట్టుకొన్న పరిశోధకునకును, ఇంటర్నెట్టు తిన్నగా అందని యూరి విద్యార్థికిని స్వంత పొయ్యి కావలెను.

ఇంకొక మాట, కొందఱకు కటువుగా నుండును. మన విద్యార్థులలో పెక్కురు కంపెనీల సాఫ్టువేరునకు దొంగప్రతులు సంపాదించి వాడుచు, "మాకు అన్నియు ఉచితమే" యని సంతోషించుచున్నారు. అది ఉచితము కాదు. దొంగప్రతిలో సోర్సు కనబడదు. దోషము కనబడినను దిద్దుటకు హక్కు లేదు. చదువు ముగిసి ఉద్యోగమున చేరిననాడు చేయి అలవాటుపడిన పరికరమునే కొనుమని యజమానిని వేడుకొనవలెను. కంపెనీకి ఇంతకంటె చౌకయైన ప్రకటన యున్నదా? విదేశీ వస్త్రమును దొంగిలించి కట్టుకొన్నవానిని ఖద్దరుధారి యని ఎవరును పిలువలేదు.

మనదేశమున ఈ దెస పని జరుగుట లేదని కాదు. బొంబాయి ఐ.ఐ.టి.లోని ఫాసీ పథకమువారు మేట్‌ల్యాబునకు బదులు సైల్యాబ్ అను స్వేచ్ఛా సాఫ్టువేరును కళాశాలలకు పరిచయము చేసిరి. పాఠ్యగ్రంథములలోని లెక్కలకు విద్యార్థులచేతనే ప్రోగ్రాములు వ్రాయించిరి. ఆ విద్యాలయమునందే పుట్టిన స్పోకెన్ ట్యుటోరియల్ పాఠములలో తెలుగున వినదగినవి కలవు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంఘమువారు లినక్సును తెలుగు లిపితో మనముందు పెట్టిరి. ఇవన్నియు పునాదులు. మూటకట్టు విద్యలో మాత్రము మన కళాశాలలు వాడుకొనువారి వరుసలోనే నిలిచియున్నవని మా యభిప్రాయము. నాలుగు జీబీల జ్ఞాపకశక్తి గల పాత యంత్రముమీద డబ్ల్యు.ఎస్.ఎల్.లో సేజ్ ఎట్లు నడచునో నిర్మాతలకు తెలియవలెనన్నచో అట్టి యంత్రము గలవాడే చెప్పవలెను. అట్టి యంత్రములు మనకు కొదువయా? దోషమును గుఱించి వ్రాయుటకు పాండిత్యమక్కరలేదు: ఏ యంత్రము, ఏ వెర్షను, ఏ యాజ్ఞ యిచ్చితిమి, ఏమి రావలెను, ఏమి వచ్చెను. ఈ అయిదు సంగతులు వ్రాసిన చాలును. గిట్‌హబ్‌లో సేజ్‌వారి తలుపు తెఱచియే యున్నది.

మేము వట్టిచేతులతో రాలేదు. లినక్సునకు, మ్యాకునకు, విండోసులోని లినక్సు అఱకు వలసిన ప్రతులను మూడు పెన్‌డ్రైవులలో నింపి, పెట్టుకొను విధానమును తెలుగున నాలుగు పుటలలో వ్రాసి, నిర్వాహకులకు అప్పగించుచున్నాము. ఎవరైనను ఇంటికి తీసికొనిపోయి ప్రతి చేసికొని, మూడు దినములలో తిరిగి ఈయవలెను. ఆ నాలుగు పుటలలో ఏ వాక్యము అర్థము కాకున్నను క్రింద గీతగీసి పంపుడు, తిరుగవ్రాసెదము. పెన్‌డ్రైవులలో సోర్సు అను పేర ఒక పెద్ద ఫోల్డరు కనబడును. చోటు చాలలేదని దానిని తుడిచివేయకుడు. ప్రతిని పంచువాడు సోర్సును గూడ అందుబాటులో నుంచవలెనని లైసెన్సు నియమము. మీ చేతినుండి ప్రతి ఇంకొకరి చేతికి పోవునప్పుడు ఆ ఫోల్డరును దానివెంటనే పోవలెను.